స్కోప్ కొనేటప్పుడు పెద్ద అంకె కాదు, చిన్న అంకె చూడండి

ప్రశ్న: ఈ మధ్యే .308 బోల్ట్ యాక్షన్ రైఫిల్ తీసుకున్నాను. జింక, అడవిపంది వేటకు. కుదిరితే ముందుముందు ఎల్క్ (పెద్ద జింక జాతి) వేటకు కూడా వెళ్లాలని ఉంది. నేను తిరిగేది ఎక్కువగా చెట్ల మధ్యే. అక్కడక్కడా బయళ్లు తగులుతాయి, అక్కడ 250, 300 గజాల దాకా కనిపిస్తుంది. షాపులో 6-24×50 స్కోప్ చూపించి, "పవర్ ఎక్కువుంటే తగ్గించుకోవచ్చు, తక్కువుంటే పెంచుకోలేరు కదా" అన్నారు. నాతో వేటకొచ్చే పెద్దాయన మాత్రం "మామూలు 3-9 చాలు" అంటున్నారు. నాకు యాభై రెండేళ్లు, కళ్లద్దాలు వాడతాను. ఎవరి మాట వినాలి? ఏ పవర్ మీద జీరో చేసుకోవాలి, అంటే గురిపెట్టిన చోటే తూటా పడేలా స్కోప్‌ను సరిచేసుకోవాలి?

సమాధానం: పెద్దాయన మాట వినండి. 3-9×40 తీసుకోండి, అంటే మూడు నుంచి తొమ్మిది రెట్ల దాకా పెంచి చూపే, ముందు కటకం 40 మి.మీ. ఉన్న స్కోప్. అదే ధరలో మంచి 2-7 దొరికినా, కాస్త ఎక్కువ పెట్టగలిగి 2-10 దొరికినా అవీ మీకు సరిపోతాయి. 6-24 మాత్రం మీ అడవికి, మీ వేటకు పనికొచ్చేది కాదు.

షాపులో చెప్పిన మాటలో ఒక మెలిక ఉంది. పవర్ తగ్గించుకోవచ్చు, నిజమే. ఎంతదాకా? 6-24 స్కోప్‌లో పవర్ మార్చే రింగును ఎంత తిప్పినా ఆరు దగ్గర ఆగిపోతుంది. చెట్ల మధ్య మీకు కావాల్సిన రెండు, మూడు, నాలుగు అందులో లేనే లేవు. పై అంకె చూసి మురిసిపోయేవాళ్లు కింది అంకెను పట్టించుకోరు. వేటలో ఏదైనా చేజారితే చాలావరకు ఆ కింది అంకె దగ్గరే చేజారుతుంది.

లెక్క చూడండి. మూడు పవర్ మీద 100 గజాల దూరంలో స్కోప్‌లో కనిపించే వెడల్పు సుమారు 33 అడుగులు. ఆరు మీద అది 17, 18 అడుగులకు, తొమ్మిది మీద 13, 14 అడుగులకు పడిపోతుంది. ఇవి 100 గజాల లెక్కలు. అడవిలో పంది 25 గజాల్లో పొదలోంచి బయటికొస్తే వీటిని నాలుగుతో భాగించాలి. మూడు మీద ఎనిమిది అడుగులు కనిపిస్తుంది, అంటే జంతువు మొత్తం, దాని ముందున్న చెట్టు, వెనకున్న పొద అన్నీ కంట్లో పడతాయి. ఆరు మీద నాలుగడుగుల పైచిలుకు. అంటే మీ 6-24 స్కోప్ దాని అతి తక్కువ పవర్ మీద కూడా గొట్టంలోంచి చూసినట్టే ఉంటుంది. గోధుమరంగు వెంట్రుకలు కనిపిస్తాయి. అది భుజమో తొడో తేల్చుకునేలోపు పంది వెళ్లిపోతుంది.

"అలా అయితే దూరంగా ఉన్నదాన్ని కొట్టడం ఎలా?" అని మీరు అడగొచ్చు. దూరంగా ఉన్న జంతువు మీకు సమయం ఇస్తుంది. బయలుకు అవతలి అంచున మేస్తున్న జింక సాధారణంగా మిమ్మల్ని చూసి ఉండదు. కూర్చుని, రైఫిల్‌ను ఆనించుకుని, రింగు తిప్పుకుని, రెండుసార్లు ఊపిరి పీల్చుకునే వ్యవధి ఉంటుంది. దగ్గర్లో ఎదురైన జంతువు దగ్గర అదేమీ దొరకదు. అందుకే స్కోప్ ఎప్పుడూ తక్కువ పవర్ మీద ఉండాలి, అవసరమైతే పెంచుకోవాలి. నడిచేటప్పుడు రింగు మూడు మీదే ఉంచండి. బయలు అంచున మాటు వేసి కూర్చున్నాక అయిదో ఆరో చేసుకోండి, లేచి మళ్లీ నడవడం మొదలుపెట్టగానే వెనక్కి తిప్పేయండి. తొమ్మిది మీద మర్చిపోయి నడిచేవాళ్లు చాలామంది ఉన్నారు.

ఇక 300 గజాల సంగతి. ఆరు పవర్ మీద 300 గజాల్లోని జంతువు, ఉత్త కంటికి 50 గజాల్లో ఉన్నంత పెద్దగా కనిపిస్తుంది. జింకకు గుండె, ఊపిరితిత్తులు ఉండే భాగం, అంటే మీరు గురిపెట్టాల్సిన చోటు, అడ్డంగా ఎనిమిది నుంచి పది అంగుళాలు. ఎల్క్‌కైతే ఇంకా పెద్దది. 50 గజాల్లో ఒక పళ్లెం కనిపించడానికి ఎవరికీ ప్రత్యేకమైన చూపు అక్కర్లేదు. ఆరు బాగా సరిపోతుంది, తొమ్మిది అవసరానికి మించినదే. 1930లో అమెరికాలో విలియం వీవర్ అమ్మకానికి తెచ్చిన 330 మోడల్ స్కోప్ మూడు రెట్లు కూడా పెంచి చూపేది కాదు. వేటగాళ్ల చేతికి విరివిగా చేరిన తొలి స్కోపుల్లో అదొకటి. ఆ తర్వాత దశాబ్దాల పాటు కొండల్లోనూ మైదానాల్లోనూ ఎల్క్, దుప్పి వేటకు రైఫిళ్ల మీద ఉన్నది మార్చడానికి వీల్లేని నాలుగు పవర్ స్కోపే. అప్పటికీ ఇప్పటికీ జంతువుల సైజేమీ తగ్గలేదు.

మరి 24 పవర్ ఎవరికోసం? 300 గజాల్లో కాగితం మీద తన తూటా చేసిన రంధ్రాన్ని చూడాలనుకునే టార్గెట్ షూటర్‌కు అది అవసరం. పిడికెడంత చిన్న జంతువును దూరం నుంచి కొట్టేవాళ్లకూ అవసరం. వాళ్లు బెంచి మీదో, నేల మీద పడుకునో, బైపాడ్ (రెండు కాళ్ల ఆసరా) మీద ఆనించుకుని తీరిగ్గా కాలుస్తారు. మీరు కొండెక్కి వచ్చి, గుండె దడదడలాడుతుండగా, ఒక మోకాలి మీద కూర్చుని కాల్చాలి. ఆ స్థితిలో పవర్ పెంచితే జంతువుతో పాటు మీ చేతి వణుకు కూడా అంతే పెరిగి కనిపిస్తుంది. నిజానికి వణుకు నాలుగు మీదా అంతే ఉంటుంది, కాకపోతే కనిపించదు. కనిపించేసరికి ఏమవుతుందంటే, క్రాస్‌హెయిర్ (స్కోప్ లోపలి గురి గీతలు) సరిగ్గా జంతువు భుజం వెనక్కి వచ్చిన క్షణాన్ని పట్టుకోవాలని ట్రిగ్గర్‌ను గుంజేస్తారు. గురి తప్పేది అక్కడే. తక్కువ పవర్ మీద క్రాస్‌హెయిర్ నిలకడగా ఉన్నట్టు అనిపిస్తుంది కాబట్టి వేలు నెమ్మదిగా నొక్కుతుంది. ఎండలో నేల మీది నుంచి లేచే వేడి అలలు కూడా పదిహేను, ఇరవై పవర్ మీద బొమ్మను నీళ్లలో ఉన్నట్టు ఆడిస్తాయి.

ఇంకో విషయం. మీ రేంజ్‌కు హద్దు పెట్టేది చూపు కాదు, తూటా. 200 గజాలకు జీరో చేసిన .308, మామూలు 165 గ్రెయిన్ల (గ్రెయిన్ అంటే తూటా బరువు కొలత) తూటాతో 300 గజాలకు దాదాపు తొమ్మిది అంగుళాలు కిందికి దిగుతుంది. 400 గజాలకు సుమారు రెండడుగులు. గంటకు పదిమైళ్ల గాలి అడ్డంగా వీస్తుంటే 300 గజాల దగ్గర ఆరేడు అంగుళాలు పక్కకు నెడుతుంది. ఈ రెంటినీ ఏ పవరూ సరిచేయదు. 24 మీద 500 గజాల్లోని ఎల్క్ కనురెప్పలు కూడా కనిపిస్తే, కొట్టగలనన్న నమ్మకం ఊరికే వచ్చేస్తుంది. ఎక్కువ పవర్‌తో నాకున్న అసలు పేచీ ఇదే. బాగా కనిపిస్తోంది కాబట్టి కాల్చవచ్చు అనుకోవడం వల్ల గాయపడి పారిపోయే జంతువులుంటాయి.

కాల్చిన తర్వాత సంగతి స్కోప్ కొనేటప్పుడు చాలామందికి గుర్తే రాదు. .308 తన్ను మరీ ఎక్కువ కాదు గానీ, రైఫిల్ పైకి లేస్తుంది. తొమ్మిది, పన్నెండు పవర్ మీద ఉంటే ఆ కుదుపుకు జంతువు స్కోప్‌లోంచి మాయమవుతుంది. తిరిగి వెతుక్కునేసరికి బయలంతా ఖాళీ. దెబ్బ తగిలిందా, ఎలా తగిలింది, వీపు వంచిందా, ముందుకాళ్లు ముడుచుకుందా, ఎటు పరిగెత్తింది, ఏ చెట్టు పక్కన అడవిలోకి దూరింది, ఇవన్నీ ఆ రెండు మూడు సెకన్లలోనే తెలియాలి. నెత్తుటి జాడ ఎక్కడ వెతకాలో, రెండో తూటా అవసరమో కాదో చెప్పేది అవే. నాలుగైదు పవర్ మీద కాలిస్తే జంతువు మళ్లీ మీ కంట్లోకి వచ్చేస్తుంది.

వెలుతురు విషయంలోనూ తక్కువ పవరే గెలుస్తుంది. చాలాచోట్ల సూర్యోదయానికి అరగంట ముందు నుంచి, సూర్యాస్తమయం తర్వాత అరగంట దాకా వేటకు అనుమతి ఉంటుంది. జంతువులు బయటికొచ్చేదీ ఆ వేళల్లోనే. స్కోప్ వెనక నుంచి మీ కంటిలోకి వచ్చే వెలుతురు వృత్తం వెడల్పును ఎగ్జిట్ ప్యూపిల్ అంటారు. ముందు కటకం వ్యాసాన్ని పవర్‌తో భాగిస్తే అది వస్తుంది. 40 మి.మీ. కటకం, 5 పవర్ అయితే 8 మి.మీ. 8 పవర్ అయితే 5 మి.మీ. కుర్రవాళ్ల కనుపాప చీకట్లో ఏడు మిల్లీమీటర్ల దాకా విచ్చుకుంటుంది, యాభై దాటాక అయిదుకు అటూఇటూ. అంటే మీ కంటికి 40 కటకం ఎనిమిది పవర్ దాకా పూర్తి వెలుతురు ఇస్తుంది. అంతకంటే పెద్ద వృత్తం ఇచ్చినా మీ కన్ను దాన్ని తీసుకోలేదు. అదే 6-24×50 స్కోప్‌ను 24 మీద పెడితే వచ్చేది 2.1 మి.మీ. మసక వెలుతురులో అందులో బూడిదరంగు తప్ప మరేం కనిపించదు. సాయంత్రం బొమ్మ నల్లబడుతోందనిపిస్తే రింగును అయిదో ఆరో చేసి చూడండి, తేడా వెంటనే తెలుస్తుంది.

"అయితే 56 మి.మీ. కటకం పెట్టుకుంటే?" అనుకోవద్దు. పెద్ద కటకానికి, స్కోప్‌ను రైఫిల్‌కు బిగించే రింగులు ఎత్తువి కావాలి. ఎత్తు రింగులు పెడితే చెంప రైఫిల్ కట్ట (భుజానికి ఆనే వెనక భాగం) మీద సరిగ్గా ఆనదు, తల గాల్లో పెట్టి స్కోప్‌లోకి చూడాల్సి వస్తుంది. మామూలు 3-9×40 బరువు దాదాపు 350 గ్రాములు. ఎక్కువ పవర్ ఇచ్చే పెద్ద స్కోపుల్లో కొన్ని కిలో దాటుతాయి. ఆ బరువంతా రైఫిల్ పైభాగాన చేరి, భుజానికెత్తగానే పక్కకు ఒరగాలని చూస్తుంది.

షాపులో ఇంకొకటి చూపిస్తారు, క్రాస్‌హెయిర్ కింద వరసగా గీతలున్న రెటికిల్, అంటే గురి గుర్తు. ఒక్కో గీత ఒక్కో దూరానికి. అవి పనికొస్తాయి, కానీ ఒక చిక్కుంది. వేట స్కోపుల్లో ఎక్కువ శాతం సెకండ్ ఫోకల్ ప్లేన్‌వి. అంటే పవర్ మారినా రెటికిల్ సైజు మారదు, కాబట్టి ఆ గీతలు ఒక్క పవర్ మీదే నిజం చెబుతాయి, చాలావరకు అది స్కోప్‌లోని గరిష్ఠ పవర్. 300 గజాలకని వేసిన గీత, తొమ్మిది పవర్ మీద ఆ దూరంలో సుమారు తొమ్మిది అంగుళాల తేడా చూపిస్తుందనుకోండి. మీరు నాలుగున్నర మీద ఉంచి అదే గీతతో గురిపెడితే అది పద్దెనిమిది అంగుళాలవుతుంది. తూటా తొమ్మిది అంగుళాలు పైనుంచి, వీపు మీదుగా వెళ్లిపోతుంది. ఫస్ట్ ఫోకల్ ప్లేన్ స్కోప్‌లో ఈ బాధ లేదు. అందులో రెటికిల్ కూడా పవర్‌తో పాటు పెరుగుతుంది, తగ్గుతుంది. కానీ తక్కువ పవర్ మీద, అందులోనూ సంధ్యవేళ, అది సాలీడు దారమంత సన్నబడి కనిపించకుండా పోతుంది. మీ వేట 300 గజాల లోపు కాబట్టి ఈ గీతల గొడవే వద్దంటాను. చివర్లు లావుగా, మధ్యలో సన్నగా ఉండే సాదా డ్యూప్లెక్స్ రెటికిల్ చాలు.

ఎక్కువ పవర్ కొనడానికి ఇంకో కారణం చెబుతారు. కొమ్ముల కొనలు లెక్కపెట్టాలి, ఆడదో మగదో తేల్చుకోవాలి అని. అది అవసరమే, కానీ ఆ పని బైనాక్యులర్‌ది. స్కోప్‌లోంచి చూడడమంటే తూటా ఉన్న రైఫిల్‌ను దేనివైపో ఎక్కుపెట్టడం. పొదల వెనక కదిలింది జంతువో, పుట్టగొడుగులు ఏరుకుంటున్న మనిషో మీకింకా తెలియదు. తెలియని దానివైపు రైఫిల్ ఎత్తకూడదు, ఇందులో బేరాల్లేవు. 6-24కు పెట్టే డబ్బును రెండుగా పంచండి. సగంతో మంచి 3-9, మిగతా సగంతో 8×42 బైనాక్యులర్. మెడలో బైనాక్యులర్ ఉన్న రోజున మీరు చూసే జంతువుల సంఖ్యే మారిపోతుంది. ఒకే ధరలో మూడు రెట్ల జూమ్ ఉన్న స్కోప్‌కూ ఎనిమిది రెట్ల జూమ్ ఉన్నదానికీ మధ్య ఎంచుకోవాల్సి వస్తే మొదటిదే తీసుకోండి. జూమ్ పరిధి పెరిగేకొద్దీ లోపలి కటకాల అమరిక క్లిష్టమవుతుంది. చవకలో అది ఇవ్వాలంటే ఎక్కడో కోత పడక తప్పదు.

నేను చెప్పిందే అందరికీ వర్తిస్తుందని కాదు. చెట్టు కనిపించని మైదానాల్లోనో, లోయ ఇవతలి నుంచి అవతలి వాలు మీదికో కాల్చేవాళ్లు, గాలిని అంచనా వేయడం నిజంగా నేర్చుకున్నవాళ్లు, 3-15 లాంటిది పెట్టుకుంటే తప్పులేదు. అందులోనూ కింది అంకె మూడేనని గమనించండి. కుక్కలతో తోలించి పరిగెత్తే పందిని కొట్టేవాళ్లకు, .375 లాంటి భారీ రైఫిల్‌తో అడవిదున్న వెంట వెళ్లేవాళ్లకు 1-4, 1-6 సరైనవి. మీరు పందుల మీదే ఎక్కువ దృష్టి పెట్టేలా ఉంటే, అదీ దట్టమైన అడవిలో, నేను కూడా 3-9 నుంచి 1-6కో 2-7కో మారమనే చెబుతాను. ఎల్క్ కోసం మాత్రం పవర్ పెంచనక్కర్లేదు. అది జింక కంటే పెద్ద జంతువు, తేలిగ్గా కనిపిస్తుంది. దానికి కావాల్సింది తగిన తూటా.

మీ కళ్లద్దాల సంగతి. కంటికీ స్కోప్‌కీ మధ్య ఉండాల్సిన దూరాన్ని ఐ రిలీఫ్ అంటారు. మూడున్నర నుంచి నాలుగు అంగుళాలున్నది తీసుకోండి. అద్దాలు మధ్యలో కొంత చోటు తీసుకుంటాయి కాబట్టి మీకు అది మరీ ముఖ్యం. తక్కువుంటే తన్ను వచ్చినప్పుడు స్కోప్ అంచు అద్దాలకు తగులుతుంది, అద్దాలు లేనివాళ్లకైతే కనుబొమ మీద అర్ధచంద్రాకారంలో గాటు పెడుతుంది. కొన్ని స్కోపుల్లో పవర్ పెంచేకొద్దీ ఈ దూరం తగ్గుతుంది, కన్ను పెట్టాల్సిన చోటు కూడా ఇరుకవుతుంది. షాపులో రెండు చివరలా చూసి కొనండి. వేటలో పెట్టుకునే అద్దాలే పెట్టుకుని వెళ్లండి. ప్రోగ్రెసివ్ అద్దాలైతే, తల వంచి కట్ట మీద చెంప ఆనించినప్పుడు చూపు ఏ భాగంలోంచి పోతోందో గమనించండి. అంచులోంచి పోయి మసకగా ఉంటే దూరపు చూపుకు మాత్రమే చేయించిన మామూలు జత ఒకటి వేటకని పెట్టుకోవడం మేలు. రెటికిల్ స్పష్టంగా లేకపోతే వెనకున్న ఫోకస్ రింగు తిప్పండి. ఖాళీ ఆకాశం వైపు ఒక్క క్షణం చూసి, చూపు తిప్పేసుకుని, మళ్లీ చూసి సరిచేయాలి. అదేపనిగా చూస్తూ ఉంటే కన్నే సర్దుకుపోయి మిమ్మల్ని మోసం చేస్తుంది. పక్కన పారలాక్స్ నాబ్ (కన్ను పక్కకు జరిగినప్పుడు గురిలో వచ్చే తేడాను సరిచేసేది) లేదని బెంగపడొద్దు. తొమ్మిది, పది పవర్ లోపు వేట స్కోపులను సాధారణంగా 100, 150 గజాలకు సరిచేసే పంపుతారు, కన్ను మధ్యలో పెట్టినంతకాలం మీ దూరాలకు ఆ తేడా లెక్కలోకి రాదు.

చివరిగా జీరో. ఇక్కడ మాత్రం గరిష్ఠ పవర్ వాడండి. బెంచి మీద, ముందూ వెనకా ఇసుక సంచులు ఆనించి, తొమ్మిది మీద చేయండి. గురిపెట్టడంలో మీ వల్ల వచ్చే చిన్న తేడా తగ్గుతుంది. 100 గజాల దగ్గర తూటాలు గురి కంటే దాదాపు రెండంగుళాలు పైన పడేలా సరిచేస్తే 200కు జీరో వచ్చేస్తుంది. తర్వాత 200 గజాల దగ్గర కాల్చి నిర్ధారించుకోవాలి. పావు ఎంఓఏ (గురి సరిచేసే కోణపు కొలత) క్లిక్కులున్న స్కోప్‌లో 100 గజాల దగ్గర ఒక్కో క్లిక్కు సుమారు పావు అంగుళం, కాబట్టి ఎనిమిది క్లిక్కులకు రెండంగుళాలు. ఆ తర్వాత రింగును మూడుకు తిప్పి మరో మూడు తూటాలు కాల్చండి. తూటాలు పడిన గుంపు కొద్దిగా వెడల్పు కావచ్చు, కానీ దాని మధ్యభాగం కదలకూడదు. పవర్ మారితే జీరో మారే స్కోప్ అయితే వారంటీ ఉండగానే తిరిగి ఇచ్చేయండి.

అది అయ్యాక బెంచిని వదిలేయండి. ఎనిమిది అంగుళాల కాగితపు పళ్లెం పెట్టి, నాలుగు పవర్ మీద, కూర్చుని, మోకాలి మీద, చెట్టుకు ఆనుకుని, నిలబడి కాల్చండి. 100 గజాలతో మొదలుపెట్టి వెనక్కి జరుగుతూ పొండి. ఒక్కో భంగిమలో అయిదుకు అయిదూ పళ్లెంలో పడే దూరం ఎంతో రాసిపెట్టుకోండి, నిలబడి కాల్చేదానికి అది 70 గజాలే కావచ్చు. ఇదంతా వేటకు వాడబోయే తూటాలతోనే చేయాలి. బ్రాండు మారినా, గ్రెయిన్లు మారినా జీరో మళ్లీ చూసుకోవాల్సిందే.